తల్లిగారింటి తొవ్వ

జూరాల గేట్ల కింద
గోడకు నెత్తి కొట్టుకుంటున్న చేపను
ముందుగాల చూసింది మా చిన్నమ్మ జములమ్మ.
వాలుగ. జానెడు మీసాలు,
కడుపు నిండ గుడ్లు.
"నెలలు నిండిన పిల్ల
కాన్పుకు తల్లిగారింటికి పోతుంటే
తలుపేసినోళ్లెవర్రా" అన్నది.
గేటు మోటరు ఒక్కటే మాట్లాడింది.

గుడ్ల చేపకు కిలోకు నలభై ఎక్కువ
గద్వాల సేటు దగ్గర.
నేనూ అమ్మిన.
నా బిడ్డ బడి ఫీజు
ఎన్ని వేల పిల్లల్ని మింగిందో
ఏ పుస్తకంల రాసుకోలేదు.

తర్వాత మూడేండ్లు వల నిండ జిలేబి చేపలే,
ఎక్కన్నుంచో వచ్చినవి, ఎటు చూసినా అవే.
వాలుగ ఎట్లుంటదని
నా మనవడు అడిగిండు.
చేతులతోని కొలిచి చూపెట్టిన.

పోయిన ఆషాఢంల
రెండు సంఘాలు ఒక్క చాపమీద కూసున్నయి.
పైనూరోళ్లకూ మాకూ మాటల్లేక పదకొండేండ్లు,
ఒక అలివి వల కాలిన రాత్రినుంచి.
ఎవరు కాల్చిన్రో నాకెరుకే. చెప్పను.
చాయొచ్చింది, చల్లారింది.
బుడ్డన్న లేచి తన వలనే తెచ్చి పరిచిండు.
"నా చిటికెనేలు దూరదు దీంట్ల.
గింత సన్న కన్నుతోని చూస్తే
రేపు కనబడ్తదా?"
"మాటలు తర్వాత, సంతకం పెట్టు"
అన్నడు పైనూరి తిమ్మప్ప.
అప్పుడు నవ్వినం.

రెండు నెలలు వల ఆరెయ్యాలె.
గుడ్ల చేపను ఇడిసినోనికి సంఘం రెండొందలియ్యాలె.
(ఆ రెండొందల లొల్లి ఇంకా ఒడవలేదు.)

శ్రావణం, సన్న తుప్పర.
ఖాజా ఆటోట్రాలీల నాలుగు నీలం డ్రమ్ములు,
ఏడు వాలుగలు.
కట్టమీది రోడ్డెంబడి జములమ్మ
మోచేతి దాక నీళ్లల్ల చెయ్యి పెట్టి చిలుకుతనే ఉన్నది,
గాలి అందాలెనని.
పగిలిన మూతులకు పసుపు రాసింది.
దెబ్బకో దీవెనకో, మేమడగలేదు.
గొలుసుకాడ వాచ్‌మన్ చీటీ అడిగిండు.
డ్రమ్ముల టార్చి కొట్టి చూసి
చీటీ సంగతే మర్చిపోయిండు.

రెండు తొవ్వలనే చచ్చినయి.
ఐదింటిని ఒక్కొక్కటిగ
నడుముల్లోతు నీళ్లల్ల పట్టుకొని నిలబడ్డడు తిమ్మప్ప,
తోక తనంత తాను కదిలేదాక.
ఆఖరిది శానసేపు కదల్లేదు.
కదిలినంక
ఆయన చేతులు ఇంకా అట్లనే పట్టుకొని ఉన్నయి,
ఉత్త నీళ్లను.

లాంతరు ఎలుగుల రిజిస్టరు రాసిన:
ఎక్కించినవి ఏడు. బతికినవి ఐదు.
డీజిలు మూడొందల ఎనభై.
పిల్లలెన్ని అన్న గడి ఖాళీగ ఇడిసిన.

"పోవుడైతే పోయింది" అన్నది జములమ్మ,
చీర కొంగు పిండుకుంట.
"పిల్లలతోని మల్ల అత్తగారింటికి దిగేటప్పుడో?"
కింద కరెంటు మిషన్లు తిరుగుతున్నయి,
కాళ్లకింద కట్ట సన్నగ వణుకుతున్నది.

"అప్పుడు మా ఊరి ఆటో" అన్నడు తిమ్మప్ప.

డీజిలు ఎవరిదన్నది
వచ్చే మీటింగుల తేలాలె.