దుబాసీ

మా ఊళ్ళో నేను దుబాయోణ్ణే.
బహ్రెయిన్ అని చెబితే, దుబాయిలో అదెక్కడ అని అడుగుతారు.
ఒక్క అక్షరం కలుపుకోండి అంటాను, దుబాసీని.
ముహర్రక్‌లో చిన్న దవాఖానా, మూడో అంతస్తు,
ఏసీ నీళ్ళు బొట్లు బొట్లుగా కారే కిటికీ పక్కన నా కుర్చీ.
అరబ్బీకీ తెలుగుకూ నడుమ
గంటకు నాలుగు దీనార్లు.

బయటి బోర్డు మీద తహ్లీల్ నఫ్సీ అని ఉంది.
రాజలింగు దాన్ని నాతో చదివించుకొని
చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
తహ్లీల్ అంటే అతనికి తెలిసింది రక్తపరీక్ష.
వీసా మెడికల్లో రెండు సీసాలు తీశారు కదా.
ఇక్కడ సూది ఉండదన్నా అన్నాను.
"మరి ఏం తీస్తరు?"

నిఘంటువు మనోవిశ్లేషణ అంటుంది.
ఆ మాట అతని ముందు పెడితే
కంపెనీ ఇచ్చిన బూటులా కరిచింది.
రాత్రి కూచుని విప్పి చూశాను.
శ్లేషం అంటే కౌగిలి. వి అంటే ఊడదీయడం.
గ్రీకులోనూ అరబ్బీలోనూ అటూ ఇటుగా అదే పని,
ముడి విప్పడం.
నఫ్స్ పక్కింట్లోనే నఫస్ ఉంది, ఊపిరి.
సైకీ కూడా మొదట్లో ఊపిరేనట,
మనసు కావడానికి ముందు
కొన్నాళ్ళు సీతాకోకచిలుకగా కూడా తిరిగిందట.
చివరికి ఇలా చెప్పాను:
"ఊపిరికి ముడి పడ్డది. మాటలతోని ఇప్పుతరు."
"ఊకె మాట్లాడితెనా?"
"ఊకెనే."

ఇది వియన్నాలో పుట్టిందని డాక్టర్ మునా చెప్పింది.
మాటల వైద్యం అని పేరు పెట్టింది డాక్టరు కాదట,
జబ్బుపడ్డ ఒక పిల్ల.
పొగగొట్టం ఊడ్చుడని కూడా నవ్వేదట.
సిత్రా రిఫైనరీలో పొగగొట్టాల చుట్టూ
స్కాఫోల్డింగ్ కట్టిన మనిషి ఇది విని
"ఎంత ఎత్తుది?" అని అడిగాడు.

అతని కుడిచెయ్యి మడవదు.
ఎక్స్‌రేలో ఎముక బాగుంది, నరం బాగుంది.
నాటకమని ఫోర్‌మన్ రాశాడు.
డాక్టర్ మునా ఆ కాగితం బోర్లించి,
చెయ్యి ఏదో భాష మాట్లాడుతోంది అంది.
వెల్లకిలా పడుకో, కప్పు చూడు,
నోటికేదొస్తే అదను, ఏరుకోకు.
స్వేచ్ఛా సంసర్గం, పుస్తకంలో.
"క్యాంపుల మీది మంచంల రోజు చేసేది గదే గద!"
"కింది మంచంల ఎవరు ఇంటరు?"
"గిప్పుడు ఖాళీ."

అణచివేత అన్నాను. తలుపు వైపు చూశాడు.
మా వైపు ఆ మాట జీపు దిగి వస్తుంది.
దిగమింగుడు అని మార్చాను.
అచేతనం అసలే వద్దన్నాడు.
గంగనర్సు కింద పడ్డనాడు
పేపర్ల గట్లనే ఏసిన్రన్నాడు.
సరే, వెనక అర్ర అనుకుందాం, అన్నాను.
అక్కడ సామాను ఉంటుంది, దీపం ఉండదు.

నాలుగో వారం.
"గాలి మస్తుగుండె. పైపు జారింది.
ఆడు నా చెయ్యి పట్టుకున్నడు. ఇడిసిపెట్టిన..."
ఏసీ బొట్టు. ఇంకో బొట్టు.
"ఇడిసిపెట్టిండు."

మన క్రియకు తోకలోనే మనిషి ఉంటాడు.
అరబ్బీలోనూ అంతే, ఒక్క చప్పుడు తేడా.
నా నాలుక మీదికి రెండోదే వచ్చింది.
అది తప్పు కాదు కదా, అతనే దిద్దుకున్నాడు కదా,
దిద్దినదే చెబితే ఎవరికి తెలుస్తుంది?
దీన్ని ప్రతిఘటన అంటారని పుస్తకంలో ఉంది.
రోగికి వస్తుందని రాశారు.
దుబాసీకి రాదని ఎక్కడా రాయలేదు.

తెలుగు ముక్క రాని డాక్టర్ మునా
అతన్ని కాదు, నన్ను చూసింది.
"మధ్యలో ఆగాడు. ఎక్కడ?"

రెండూ చెప్పాను.
మొదటిది ముందు, రెండోది తర్వాత,
నడిమి రెండు బొట్లతో సహా.
రాజలింగు కప్పు చూస్తూనే ఉన్నాడు.
ఎడమచెయ్యి వచ్చి
మడవని చేతిని పట్టుకుంది, గట్టిగా,
వేళ్ళు తెల్లబడేంత.

హిద్ద్ బస్సులో కిటికీకి తల ఆనించి
చిన్నప్పటి వ్యాకరణం వల్లె వేసుకున్నాను.
విడిచాడు. విడిచాను.
విడిచింది.
అక్కడ కాసేపు ఆగినట్టున్నాను,
నా స్టాపు ఎప్పుడో వెనక్కి పోయింది.