పంచనామా

రిటైరయ్యాక కూడా వేళ్ళు లెక్కపెడుతూనే ఉంటాయండి.
ముమ్మిడివరం పక్క కొబ్బరితోటలో
పెట్రోమాక్సు లైటు ఒకటి,
పరిచిన గోనెపట్టా ఒకటి,
పేకముక్కలు నూట ఏడు, ఎనిమిదోది ఎవడి మొలలోనో,
నగదు నాలుగువేల మూడొందల ఇరవై,
మనుషులు తొమ్మిదిమంది,
చెప్పులు పదకొండు జతలు.
ఆ మిగిలిన రెండు జతల తాలూకు కాళ్ళు
పంటకాలవ ఈదేసి అవతలి గట్టెక్కి
మర్నాడు స్టేషనుకే వచ్చేవి
మొహమాటంగా, చెప్పుల కోసం.

అదీ జూదమే, కాదనను.
పుస్తెలు తాకట్టుకెళ్ళడం చూశాను,
అరెకరం చేను అర్ధరాత్రి చేతులు మారడం చూశాను.
కానీ ఓడినోడి ఎదర ఓ మొహం ఉండేది.
"ఇంక చాల్లేరా, ఇంటికి పో" అని
గెలిచినోడే బస్సుచార్జీ చేతిలో పెట్టేవాడు.
పెళ్ళాం కొంగు బిగించి వస్తే ఆట చెదిరేది.
రావడానికి ఓ తోట ఉండేది.

సంగాడి కాశీరాజుది రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళని చిలుకుతుంటే
పాకలో, మోకాళ్ళ మధ్య
అరచేతంత వెలుగు.
ముక్క వేసిన చప్పుడుంటుంది, ఎత్తిన చప్పుడుంటుంది,
ఎవరి దగ్గూ వినపడదు, చుట్ట వాసన రాదు.
ఎదర ఆడేవాడి పేరు కింగ్ డెబ్భై ఏడు.
వాడు మనిషో కాదో
కాశీరాజు ఎప్పుడూ అడగలేదు.

చట్టం వచ్చింది.
వంతెనకి ఈ చివర వచ్చింది.
ఎదుర్లంక దాటి గౌతమి మీద కాస్త ముందుకెళ్తే
ఫోను తను వేరే రాష్ట్రంలో ఉన్నాననుకుంటుంది.
యానాం లైట్లు కనపడతాయి, బల్ల తెరుచుకుంటుంది.
పూర్వం మందు కోసం దాటేవాళ్ళు.
ఇప్పుడు రెయిలింగు పొడుగునా బళ్ళు,
వంచిన మెడలు,
కింద అంత నది, ఎవరికీ అక్కర్లేకుండా.

తర్వాత ఢిల్లీ నుంచి ఇంకోటి వచ్చింది, రెండు చివరలకీ.
యాప్ పోయింది. లింకు వచ్చింది.
చొక్కా మార్చుకున్నవాణ్ణి ముప్పై ఏళ్ళు పట్టుకున్నాను నేను,
ఒళ్ళే లేనివాణ్ణి ఏ కాలరు పట్టి లాగను?

మేత డబ్బు పోయింది.
మరిడమ్మ డ్వాక్రా వాయిదా పోయింది.
అప్పిచ్చిన యాప్ ఆమె ఫొటోని
చూడకూడని తీరుగా మార్చి
ఫోన్లో పేరున్న ప్రతివాడికీ పంపింది,
కిరాణా కొట్టుకి, మేనమామకి, పిల్లాడి మాస్టారికి.

మూడోనాడు వంతెన మీద బండి, తాళంతో సహా.
పడవలవాళ్ళు భైరవపాలెం దాకా వెతికారు.
ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో కాపలా ఉన్నాడంటుంది మరిడమ్మ,
నేనూ తలూపుతాను.
కానీ ఫోను పాకలోనే ఉంది, చార్జింగుకి పెట్టి.
ఫోను లేకుండా ఆ వంతెన ఎక్కినవాడు
ఆడ్డానికి ఎక్కలేదని
పాత ఉద్యోగం చెబుతుంది నాకు. చెప్పొద్దన్నా చెబుతుంది.

బియ్యం సంచిలో చుట్టి తెచ్చి
మా అరుగు మీద కుమ్మరించిందండి దాన్ని.
"రైటరు గారూ, దీన్లో ఎవరున్నారో పట్టుకోండి."
అప్పుడే వెలిగింది అది:
కాశీరాజు గారూ, మీరు లేని లోటు తెలుస్తోంది,
మీ ఖాతాలో వంద రూపాయల బోనస్ వేశాం.

ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ
వాణ్ణి గారూ అనలేదు.

ఆపమంది మరిడమ్మ. ఎక్కడ నొక్కినా
ఇంకో గది తెరుచుకుంటోంది, ఇంకో దీపం, ఇంకో బల్ల.
చివరికి బోర్లా పెట్టి, మీద పీట పెట్టాను.

ఎవరూ రాయమనలేదు, రాశాను,
మనవడి లెక్కల నోటుపుస్తకం వెనకట్ట మీద:
ఫోను ఒకటి, మూల పగిలినది.
ముక్కలు లేవు.
నగదు లేదు.
మనుషులు,
అక్కడ కాస్త ఖాళీ వదిలాను.
చెప్పులు ఒక జత, తొమ్మిదో నంబరు, వంతెన మీద దొరికినవి.
అడగడానికి ఇంకా ఎవరూ రాలేదండి.