పదిహేడు ముక్కలు

చెంగల్రావుపేట డాబాల మీద
ఆరేసిన బట్టలకి పోర్టు బొగ్గు అంటుతుంది.
అందుకే నూకరాజు దగ్గుకి
ఇంటిల్లిపాదీ బొగ్గునే తిట్టారు.
షిప్‌యార్డులో తోటివాళ్లు వెల్డింగ్ పొగన్నారు.
పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో మేం టీబీ అనుకున్నాం,
మూడుసార్లు కఫం చూశాం. కాదు.

కల్చర్ పళ్లెంలో ఏదీ మొలవలేదు.
ఎక్స్‌రేలో మాత్రం కుడి ఊపిరితిత్తి
పొగమంచులో యారాడ కొండలా
సగం కనపడ్డం మానేసింది.

ఊపిరితిత్తి కడిగిన నీళ్లు, రెండు చెంచాలు,
ఐసు పెట్టెలో నేనే తీసుకెళ్లాను ల్యాబుకి.
జగదాంబ దగ్గర ఆటో ఆగిపోయింది.
పెట్టెని ఒళ్లో పట్టుకు కూర్చున్నాను,
నిద్రపోతున్న పిల్లని పట్టుకున్నట్టు.

రాత్రంతా యంత్రం చదివింది.
దానికి నాలుగే అక్షరాలు.
గుణింతం లేదు, ఒత్తు లేదు,
ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పే చుక్కా లేదు.
ఎనభై లక్షల ముక్కలు.
దాదాపు అన్నీ నూకరాజువే,
వాళ్లమ్మవి, అయ్యవి,
ఎప్పుడో ఈ ఒడ్డున వల లాగిన చేతులవి.
పదిహేడు మాత్రం అతనివి కావు.

పిట్టల్లో బతికే సూక్ష్మజీవివి.

వార్డుకి పరిగెత్తి అడిగాను,
పది రోజులుగా మాలో ఎవరమూ అడగని మాట:
"ఇంట్లో పిట్టలున్నాయా?"

మంచినీళ్ల గ్లాసు ఎత్తలేనివాడు
రెండు చేతుల వేళ్లూ విప్పి చూపించాడు.
మళ్లీ. మళ్లీ.
నాలుగోసారి ఒక్క వేలు ముడిచాడు.
"పావురాలు," అంది పైడమ్మ.
అతను మాస్కు పక్కకి లాగాడు.
"ఒకటి సచ్చిపోనాది. ముక్కంట నీరు కారీది.
నానే కప్పెట్టినాను."

మందు పాతదే, చవకదే.
ఇంటర్లో మొటిమలకి నేను మింగిన బిళ్ళే.
మూడోనాటికి జ్వరం దిగింది.
నాలుగోనాడు అతను అడిగిన మొదటి మాట
అన్నం గురించి కాదు, ఇంటికెప్పుడనీ కాదు.
"ఆటికీ ఈ బిళ్ళే ఏత్తారా?"
నాకు తెలీదు.
పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

ఆదివారం ఆ డాబా మీద
మూతికి మాస్కు బిగించుకుని నిలబడ్డాం ఇద్దరం.
పైడమ్మ ఈల వేసింది.
హార్బరు వైపు నుంచి ఒక్కొక్కటే దిగాయి.
లెక్కపెట్టాను, ముప్పై తొమ్మిది.
తెల్లవాటి రెక్కల మీద
సన్నగా, అందరం తిట్టిన ఆ బొగ్గు.