నవ్వాడు అని రాశాను

డండీలో శనివారం పొద్దున
చర్చి వెనక హాలుకి తాళం తీసేది నేనే.
రేడియేటర్ వేడెక్కడానికి ముప్పావుగంట.
ఈలోగా టే నది మీంచి లేచిన మంచు
కిటికీ అద్దాలకి ముఖం ఆనించి లోపలికి చూస్తుంది.
ఒక ముక్క తగ్గిన జిగ్సా, కొయ్య రైలు,
కెటిల్, రెండు తలుపులు.
తల్లికొక తలుపు, తండ్రికొక తలుపు.
నడుమ పిల్లల్ని చెయ్యిపట్టి నడిపించే పదకొండు అడుగులు
నా ఉద్యోగం.

గోడ మీద అంటించి ఉంది:
చూసింది రాయి. అనుకున్నది రాయకు.
'అనిపించింది' అన్న మాట కనపడిందా,
మొయిరా ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది.
పాతికేళ్ళ అనుభవం ఆవిడది, తప్పు పట్టను.
నా కడుపులో దేవినదాన్ని
ఏ కోర్టు మాత్రం ఫైల్లో పెట్టుకుంటుంది?

ఫెర్గస్‌కి ఆరేళ్ళు.
ఎయిల్సా వాడి కోటు జిప్పు గడ్డం దాకా లాగి పంపిస్తుంది.
హాలు ఎంత ఉడికిపోయినా వాడు కోటు విప్పడు.
తండ్రి నెమ్మదస్తుడు.
నాక్కూడా షార్ట్‌బ్రెడ్ డబ్బా తెస్తాడు,
వద్దంటే నొచ్చుకోడు, బల్ల మీద పెట్టేస్తాడు.
గొంతు ఒక్కసారీ పెంచలేదు. రాశాను.
మోకాళ్ళ మీద కూర్చుని పట్టాలు కలిపాడు. రాశాను.
జోకు చెప్పాడు, పిల్లాడు నవ్వాడు.
నవ్వాడు అని రాశాను.

ఆరు వారాలు, ఆరు కాగితాలు.
ఆరింటిలోనూ ఫెర్గస్ నవ్వుతూనే ఉన్నాడు.

మా ఊళ్ళో జడ్జిని షెరీఫ్ అంటారు.
గుర్రమూ తుపాకీ ఉండవు,
మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకుంటాడు.
ఆయన ముందు లాయరు ఆ ఒక్క మాటే
ఆరుసార్లు పైకి చదివాడట.
మణికట్టు విరగడం మూడేళ్ళ కిందటి ముచ్చట,
వంటింటి తలుపు కూడా మార్చేశారు,
మొగుడూ పెళ్ళాల గొడవ,
పిల్లాడికేమిటి దాంతో, అన్నాడట.
చెబుతూ ఎయిల్సా వణికింది: ఆందోళన ఎక్కువ అని రాసుకున్నారు.
తర్వాతి వాయిదాకి పళ్ళు బిగించి వచ్చింది:
చలనం లేదు అని రాసుకున్నారు.
తల్లి భయమే బిడ్డకి అంటుతోందన్నారు,
జలుబు సంగతి చెప్పినట్టు.

ఏడో శనివారం.
కెటిల్ స్విచ్ వెయ్యబోతూ విన్నాను వాడి నవ్వు.
తండ్రి జోకు ఇంకా సగంలో ఉంది.
పెంగ్విన్ బస్సు ఎక్కనే లేదు.

ఆ నవ్వు నాకు తెలుసు.
లాకీ పేటలో, మూడో అంతస్తులో,
మెట్ల మీద బూట్ల బరువుని బట్టి
ఆ రాత్రి ఎంత నవ్వాలో లెక్క కట్టుకునేదాన్ని.
ఆలస్యమైతే ఏమవుతుందో
మా ఇంట్లో సొట్టలు పడ్డ గిన్నెలకి తెలుసు.
దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టడం ఎవరికైనా వస్తుంది.
నవ్వు అడ్డం పెట్టడం
కొంతమంది పిల్లలకే వస్తుంది.

కానీ ఇది తెలిసింది. చూసింది కాదే.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
చివరికి రాశాను:
పది ఇరవై రెండుకి తండ్రి జోకు మొదలుపెట్టాడు.
పెంగ్విన్ బస్సు ఎక్కకముందే పిల్లాడు నవ్వాడు.
జోకు అయ్యాక తండ్రి ముఖంలోకి చూశాడు.
మళ్ళీ నవ్వాడు.

మొయిరా చదివి పెన్ను మూత తీసింది.
బయట సీగల్స్ చెత్తబుట్ట కోసం కొట్లాడుకుంటున్నాయి.
మూత పెట్టేసి,
టీ చల్లారిపోయింది, మళ్ళీ పెడతానంది.

ఆ నాలుగు వాక్యాలు ఎవరైనా చదువుతారో లేదో తెలీదు.
రాత్రిళ్ళు తండ్రి దగ్గర పడుకోవడం గురించి
వచ్చే నెల తేలుస్తారట.

పన్నెండింటికి ఫెర్గస్‌ని తల్లి తలుపు వైపు తీసుకెళ్తున్నాను.
ఎనిమిదో అడుగు దగ్గర నా వేలు లాగి
'ఇవాళ బాగా నవ్వానా?' అని అడిగాడు.
పెన్నూ కాగితమూ బల్ల మీద ఉండిపోయాయి.
ఇంకా మూడడుగులే.