అడుగుకి అరంగుళం

అడుగుకి అరంగుళం.
లెక్క అంతే, మిగతాదంతా ఓపిక.
పద్నాలుగడుగుల తొట్టి ఏడంగుళాలకి దిగుతుంది,
చక్రం పాత వెండి రూపాయి కన్నా రవ్వంత పెద్దది.
స్టీరింగుకని మనవరాలి చెవి రింగు
అడిగి తెచ్చుకున్నాను,
రెండోది ఇవ్వనంది.
ఒక బండికి ఒకటే చాలన్నాను.

ఆటోనగర్‌లో రీబటన్ టైర్ల షెడ్డు వెనక
నాలుగడుగుల బల్ల నాది.
ముందు వీధిలో పద్నాలుగు చక్రాల బండ్లకి
బాడీలు కడుతుంటారు, నేనూ కట్టాను నలభై ఏళ్ళు.
ఇప్పుడు వాళ్ళు ఒక పూటలో పారేసిన రేకు
నాకు ఏడాదికి వస్తుంది.
"బొమ్మలా తాతా?" అంటాడు టైర్ల కుర్రాడు.
బండి, అంటాను.

ఇది ఫార్గో.
ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన లారీ,
కొండవీటి పార్సెల్ సర్వీసు వాళ్ళది.
గుంటూరు పట్నం బజారులో చీకటితో నింపి
బెజవాడ వన్ టౌన్‌లో ఎండెక్కాక దింపేది.
మిరపకాయ బస్తాలు, గోళీ సోడా పెట్టెలు,
ఒకసారి గోనె చుట్టిన హార్మోనియం,
గతుకు వచ్చినప్పుడల్లా దానంతటదే మూలిగేది.
ఒకసారి పెళ్ళివారి బీరువా,
దాని అద్దంలో మంగళగిరి కొండ
మా వెనక్కి, మా వెనక్కి పోయింది.

నేను క్లీనర్ని. పద్నాలుగేళ్ళు.
హ్యాండిలు తిప్పి ఇంజను లేపడం నా పని.
ఒక తెల్లారుజామున అది ఎదురుతన్నింది,
మణికట్టు వంకరగా అతుక్కుంది.
సన్నపనంతా ఇప్పుడు ఆ చెయ్యే చేస్తుంది.
మిర్చి బస్తాల మీద పడుకుని వచ్చిన రోజు
ఎన్ని బిందెలు పోసుకున్నా ఒళ్ళు మండేది.
ఆ మంటని
అడుగుకి అరంగుళం చొప్పున ఎలా తగ్గించాలో
నాకు చాతకాలేదు.

డ్రైవరు దరియా హుస్సేన్ కూతురు బషీరూన్
లాలాపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
బండిని దగ్గరగా చూసింది.
"పచ్చ కాదు, నీలం."
"పచ్చేనమ్మా. రోజూ కడిగినవాణ్ణి."
"నీలం. దాని పక్కన నిలబెట్టి మా అబ్బ
నాకు ఫోటో తీయించాడు."
సంచిలోంచి తీసింది ఫోటో.
రెండు జడల పిల్ల, వెనక ఫార్గో,
ఇద్దరూ బూడిద రంగు.
టీ చల్లారిపోయింది. ఎవరమూ తగ్గలేదు.
వెళ్తూ వెళ్తూ మళ్ళీ అంది, నీలం.

తుక్కు కొట్లన్నీ తిరిగాను తర్వాత.
మా బండిదో, దాని తోబుట్టువుదో,
కోళ్ళగూటికి అడ్డం పెట్టిన ఫార్గో తలుపు ఒకటి దొరికింది.
నీటి కాగితం తడిపి రుద్దుతూ కూర్చున్నాను.
పైన పసుపు, ఎవడో కిరసనాయిలు డీలరు వేయించినట్టుంది.
దాని కింద నీలం.
దాని కింద,
నా గుడ్డ తగిలిన పచ్చ.
ఆ కింద రెడ్ ఆక్సైడు, ఆ కింద ఇనుము.

చెయ్యి విరిగి నేను దిగిపోయిన చోటే
బండి ఆగిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ.
అది నడిచింది.
నీలం వేసుకుని, ఇంకో కుర్రాణ్ణి ఎక్కించుకుని,
ఇంకెవరి బీరువాలో మోస్తూ.

మొదటి నుంచీ వేశాను మళ్ళీ,
రెడ్ ఆక్సైడు, పచ్చ, ఆరాక నీలం.
పసుపు దాకా పోలేదు, అది మా ఇద్దరికీ తెలియని కాలం.
డ్రైవరు బొమ్మ చెయ్యలేదు.
కుడి తలుపు అంచున
మోచెయ్యి ఆనేచోట మాత్రం
కాగితం చివర మడిచి రుద్దాను,
నీలం పోయి పచ్చ తేలేదాకా,
పచ్చ పోయి రేకు మెరిసేదాకా.
మినప్పప్పు బద్దంత మేర.

బషీరూన్ ఈసారి వస్తే
వేలు నేరుగా అక్కడే పెడుతుంది.
ఆ తర్వాత, నాకు తెలుసు,
ఎడమవైపు లైటేదీ అని అడుగుతుంది.
అది అప్పుడూ లేదు తల్లీ.