మంచు మీద ఒక కారు

సాయంత్రం ఆరుంపావు.
లెక్కలో ఇంకా ఒక కారు మంచు మీదే ఉంది.

హెల్టర్మా గేటులో ఎక్కినవి నూటపద్నాలుగు.
రోహుకులా గేటులో దిగినవి నూటపదమూడు.
మధ్యన ఇరవై ఆరు కిలోమీటర్ల గడ్డకట్టిన సముద్రం,
తెరమీద నా ప్రోగ్రాం పెట్టిన ఎర్రచుక్క.
కదలదు, ఆరదు.

ఆ దారికి కొన్ని పద్ధతులున్నాయి.
సీటుబెల్టు పెట్టుకోకూడదు, తలుపు చటుక్కున తెరుచుకోవాలి.
కారుకీ కారుకీ రెండొందల యాభై మీటర్ల ఎడం.
పొద్దుగుంకితే గేట్లు మూసెయ్యాలి.
ఫిబ్రవరిలో అయిదింటికల్లా చీకటి.

రోహుకులా నుంచి ఎండెల్ ఫోను.
"ఐగీ, నీ మిషను ఏమంటోంది?"
"ఒకటి రాలేదంటోంది."
కాగితాలు తిరగేసిన చప్పుడు.
"నా పుస్తకంలోనూ నూటపదమూడే.
కాకపోతే… నాలుగున్నరప్పుడు
పొయ్యిలో కట్టె వెయ్యడానికి ఒక్కసారి లేచాను."

ఇద్దరమూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మేలిస్ వాళ్లు నలుగురు స్నోస్కూటర్లు తీశారు.
తాళ్లు, నిచ్చెన, ఒక దుప్పటి.
దుప్పటి ఒకటే ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

నేను లాగ్ ఫైళ్లు తెరిచాను.
పొద్దున ఇదే సర్వరు ఇంకో రకంగా ఏడిపించింది.
లేచింది, ఎనిమిదివేల ఎనభయ్యో పోర్టులో కూచుంది,
ఆరోగ్యంగా ఉన్నానంది.
గేట్లు రెండూ పిలుస్తున్నా పలకలేదు.
చూస్తే, తన గొంతు తప్ప మరొకటి వినని అడ్రసు ఇచ్చాను దానికి.
గదిలో గడియ పెట్టుకుని
తనను తానే పిలుచుకుని తానే ఓయ్ అంటోంది.
అడ్రసు మార్చాను. నవ్వుకున్నాను కూడా.
పొద్దుటి తప్పు అరిచే తప్పు, అది నయం.

ఇప్పటి తప్పు నోరు మెదపడం లేదు.
నాలుగూ ముప్ఫైరెండు. గేటు నుంచి కబురు అందింది.
ఆ తర్వాత తెల్లకాగితం.
ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు,
చచ్చిందన్న ముక్క కూడా లేదు.

నా కోడు నేనే చదివాను, పరాయివాళ్ల ఉత్తరంలా.
దిగిన కారు కబురు రాగానే ఒక పనిని పుట్టించాను.
వెళ్లి డేటాబేసులో రాసి రా, అన్నాను.
అది వెళ్లింది.
రాసిందా అని అడగడానికి నేను నిలబడలేదు,
వెనకాల ఇంకో కారు ఉందిగా.
ఆ రెండు సెకన్లు డేటాబేసు ఊపిరి బిగబట్టింది.
పని గుమ్మంలోనే కూలిపోయింది.
కేకేసే ఉంటుంది.
ఆ కేక పట్టుకోవడానికి నేనెవర్నీ పెట్టలేదు.

ఇదంతా ఊహే అయితే?
కోడులో తప్పు దొరికినంత మాత్రాన
మంచులో పగులు లేనట్టు కాదు.
స్కూటర్ల దీపాలు కిటికీలోంచి
నాలుగు, మూడు, మళ్లీ నాలుగు.

ఏడూ నలభైకి హాప్సలులో ఎవరో తలుపు కొట్టారు.
కాల్యో తువ్వాలు చుట్టుకుని వచ్చాడట,
ఒంటినిండా సౌనా ఆవిరి, ఫోను ఎక్కడో కోటు జేబులో.
"దిగాను కదా! గేటు దగ్గర చెయ్యి ఊపాను.
లోపల ముసలాయన వీపు కనిపించింది."

మేలిస్ తిరిగొచ్చి చేతిజోళ్లు బల్లమీద పడేశాడు.
చెవి కొస తెల్లబడి ఉంది.
తిడతాడేమోనని చూశాను. టీ అడిగాడు.
దుప్పటి మడత విప్పకుండానే బీరువాలో పెట్టాడు.

ఆ రాత్రి ఒక్క మాట చేర్చాను, ఆ లైను ముందు:
ఆగు.
కింద ఇంకో రెండు లైన్లు:
పడిపోతే చెప్పు. మళ్లీ వెళ్లు.
డేటాబేసును కావాలనే నలభైసార్లు ఆపి చూశాను,
నలభైసార్లూ అరిచింది.
ఇంత ఇంపైన అరుపు నేనెప్పుడూ వినలేదు.

ఎర్రచుక్కను మాత్రం వెంటనే చెరపలేకపోయాను.
కాల్యో ఇంట్లో ఉన్నాడు, నాకు తెలుసు.
అయినా తెల్లారేదాకా ఉంచాను.

తర్వాత ఒకరోజు రోహుకులా వెళ్తే
గేటు గదిలో ఎండెల్ కోటు విప్పలేదు.
పెన్సిలు వేళ్ల మధ్యే ఉంది, కళ్లు కిటికీకి.
దూరాన ఒక జత దీపాలు, ఇంకా చాలా దూరాన.
"చలిగా లేదూ?" అన్నాను.
"అది రానీ" అన్నాడు.
పొయ్యి ఆరిపోయి ఉంది.