అనుమతి

మంగళవారం, పన్నెండుంపావు.
కసవనహళ్లిలో తొమ్మిదో అంతస్తు.
మీటింగులో నా బొమ్మ తల ఊపుతోంది.
ఫోను గుర్రుమంది: గేటు దగ్గర ఎవరో.
రోజుకి ఆరుసార్లు ఎవరో ఒకరు,
కొరియరు, కొత్తిమీర, పక్క ఫ్లాటుకి పోవాల్సిన పిజ్జా.
చూడకుండానే బొటనవేలు ఎర్ర గుండ్రం మీద పడింది.
ఈగను తోలినంత పని.

ఒంటిగంటకి ఆకలేసి కిందికి దిగితే
సెక్యూరిటీ బిపిన్ బల్ల కిందనుంచి
మూడు గిన్నెల క్యారేజీ తీశాడు.
తువ్వాలు ముడి చూడగానే తెలిసింది,
ఆ పీటముడి మా ఇంట్లో ఒక్కరిదే.
"మేడమ్ పది నిమిషాలు నిలబడ్డారు సార్.
మీరు వద్దన్నారు కదా."

ఇందుమతక్క.
యశ్వంతపూర్ నుంచి రెండు బస్సులు మారి.
వాక్కాయ పప్పు.

యాప్‌లో వెతికాను.
గేటు తీసిన ఫొటో ఉంది:
ఎండకి ఒక కన్ను మూసుకుని,
నవ్వాలో వద్దో తేల్చుకోని మొహం.
రెండు వేళ్లతో పెద్దది చేశాను.
కళ్లజోడు ఎప్పుడు పెట్టుకుంది?
చెవి పక్కన ఆ తెలుపు ఎప్పటిది?
గడ్డం కింద ఎర్ర అక్షరాల్లో
'అనుమతి లేదు', టైముతో సహా.

ఫోన్ చేశాను. బస్సు రొద.
"పప్పులో ఉప్పు కాస్త తగ్గిందిరా, కలుపుకో" అంది ముందుగా.
నాకు కాల్ చెయ్యొచ్చు కదక్కా?
"పనిలో ఉన్నావని చెప్పారుగా."
ఎవరు చెప్పారు?
కాసేపు బస్సే మాట్లాడింది.
"మీ గేటేరా" అంది.
"సిల్క్‌బోర్డు వచ్చింది, దిగాలి. ఉంటా."